పాండేసరలో ఒక గదికి తెల్లరంగు

సూరత్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి మా వాడకట్టు ఆడవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, చీరలు ఎంతకు దొరికాయని. చీరల సంగతి చెప్తాను. కానీ నేను పోయింది చీరల కోసం కాదు. నా చిన్నబిడ్డ లావణ్య తన ఇద్దరు పిల్లలను బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తోంది. పెద్దది హాసిని, పన్నెండేళ్ల పిల్ల. చిన్నోడు రిషి, తొమ్మిదేళ్లు. వాళ్లు బడి గడప తొక్కక రెండేళ్లయింది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. మానడం కాదు, మాన్పించారు. బీడీలు చుట్టడానికి ఇంట్లో చేతులు చాలలేదు. బడి దక్కని వాళ్లకే బడి విలువ తెలుస్తుంది. దక్కిన బడిని కాలదన్నే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎట్లాగైనా సరే, జూన్‌లో ఆ పిల్లలను బడిలో వేయించి రావాలని బయలుదేరాను.

ఫోన్ చేసినప్పుడల్లా లావణ్య ఒకటే పాట. "అమ్మా, బడిల మార్కులు నేర్పుతరు. మేం తోటి మనుషులను ఎట్ల చూసుకోవాల్నో నేర్పుతున్నం. ప్రతి ఐతారం ఇంటిల్లిపాది సేవకు పోతం. నువ్వొచ్చి చూడు. చూసినంక గూడ బడే మంచిదంటె, నీ మాట ఇంట."

సరే అన్నాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

రైలులో కారిన తొక్కు

మామిడికాయ తొక్కు పోయడానికి కొత్త డబ్బా కొంటే అరవై రూపాయలు. ఇంట్లో పాత నూనె డబ్బా ఉండగా అరవై ఎందుకు తగలేయాలి? మూతకు గుడ్డ కట్టి సీటు కింద పెట్టాను. మహారాష్ట్ర దాటేసరికి నూనె కారి ఎదురు సీటు ఆమె సంచికి అంటింది. నా ఈడు గుజరాతీ ఆమె. తెల్లచీర, తెల్లసంచి. సంచి కాస్తా పసుపుకొమ్ములా అయింది.

"యే క్యా కియా బేన్?" అంది.

నాకు హిందీ వచ్చు. బీడీ కార్ఖానాలో సాయిబుల దగ్గర నేర్చుకున్న హిందీ. "గలతీ హోగయీ అమ్మా, సంచి ఇయ్యి, ఉతికిస్త," అన్నాను. ఆమె ఇవ్వలేదు. సంచికి అంటిన నూనెను వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది. దగ్గి దగ్గి చివరికి గిన్నె చాపింది, ఇంకొంచెం వేయమని. బదులుగా మెంతికూర రొట్టెలు పెట్టింది. థేప్లా అంటారట. ఎన్ని రోజులైనా పాడు కావంది. పాడు కాని తిండంటే నాకు గౌరవం. ఆ రొట్టెల్లో మూడింటిని దాచి సూరత్ చేరాక కూడా తిన్నాను, పాడు కాలేదు.

"సూరత్‌లో ఎవరున్నారు?" అని అడిగింది. బిడ్డ ఉందని, పిల్లలు బడికి పోరని చెప్పాను. "అరే, జబ్బా?" అంది పాపం. ఆ మాటకు నాకు నవ్వూ వచ్చింది, కడుపులో మంటా లేచింది.

అడాజన్, బడి లేని ఇల్లు

బిడ్డ వాళ్లది అడాజన్ వైపు. లిఫ్టున్న ఇల్లు. పొద్దున లేచేసరికి హాసిని బియ్యం కొలుస్తోంది. అది లెక్కల పాఠమట. రిషి మిద్దె మీద కుండీలకు నీళ్లు పోసి ఏ ఆకు ఎంత పెరిగిందో కొలిచాడు. అది సైన్సట. మధ్యాహ్నం గంటసేపు పుస్తకాలు చదివారు. నేను కూర్చుని ఏదన్నా తప్పు దొరుకుతుందేమోనని కాచుకున్నాను. నిజం చెప్పాలంటే దొరకలేదు. పిల్ల ఎక్కాలు తడుముకోకుండా చెప్పింది. తెలుగు కూడా చదివింది, నాకంటే తొందరగా. నాకేమీ సంతోషం కలగలేదు. ఓడిపోతున్నట్టనిపించింది.

మాట మాత్రం మూడు భాషల ఖిచిడీ. "అమ్మమ్మా, తూ బహుత్ కంజూస్ హై, థోడుక్ చక్కెర ఎక్కువ వెయ్ నా," అన్నాడు రిషి చాయ్ చేతిలో పెట్టుకుని.

"కంజూసైతెనే మీ అమ్మ బీయెడ్డు చదివిందిరా. చక్కెర తింటె చదువొస్తదా?" అన్నాను.

లావణ్య నవ్వింది. బీయెడ్డు చదివి ఇక్కడే ఒక బడిలో పంతులమ్మగా చేసింది కూడా. హాసిని అదే బడిలో చదివేది. రోజూ పొద్దున బడి టైముకు ఆ పిల్లకు కడుపునొప్పి వచ్చేదట. డాక్టర్లు ఏమీ లేదనేవారట. ఆ నొప్పి తగ్గింది బడి మానినాకే. లావణ్య ఈ సంగతి చెప్పినప్పుడు నేను వినీ విననట్టు ఊరుకున్నాను.

తిండి గురించి కూడా చెప్పాలి. ఇక్కడ పప్పులో బెల్లం వేస్తారు. చారులో బెల్లం, కూరలో బెల్లం. ఆ తియ్యటి అన్నం తిని ఎట్లా బతుకుతారో. ఎండాకాలం కదా, మామిడిపండు రసం పూరీల్లో అద్దుకుని తింటారు. అది మాత్రం బాగుంది. లోచో అని శనగపిండితో చేసి ఆవిరి మీద ఉడికించి, వెన్న, కారప్పూస చల్లి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. పావుకిలో శనగపిండికి నలభై రూపాయలా అని నేను బండివాడితో వాదం పెట్టుకుంటే హాసిని సిగ్గుతో అవతలికి పోయి నిలబడింది. వాదించాను గానీ తిన్నాను, బాగుంది.

రింగ్ రోడ్

అల్లుడు శ్రీనివాస్‌ది రింగ్ రోడ్డులో చీరల వ్యాపారం. దుకాణం చిన్నదే. ఆ మార్కెట్ల లోపల పోతే తిరిగి బయటకు రావడం మన వల్ల కాదు. మెట్లు, లిఫ్టులు, తలల మీద మూటలు, మధ్యలో చాయ్ గ్లాసులతో పరుగెత్తే మనుషులు. మా సిరిసిల్లలో ఏడాదికి నేసే గుడ్డ అక్కడ ఒక అంతస్తులో పడి ఉన్నట్టనిపించింది. చీర ధర అడిగారు కదా. మన దగ్గర ఎనిమిది వందలకు అమ్మే పాలిస్టర్ చీర అక్కడ మూడు వందలకు వస్తుంది. కానీ ఒక్కటి ఇవ్వరు. మూట కొనాలి. అందుకే ఎవరికీ తేలేదు. ఇక అడగకండి.

పిల్లలు ఆ రోజు దుకాణానికి వచ్చింది పరదా గుడ్డ ఏరడానికి. వచ్చే ఆదివారం పాండేసరలో మన తెలంగాణ కూలీలు ఉండే గదికి రంగు వేయాలని, తలుపుకు కొత్త పరదా కట్టాలని ఇంట్లో తీర్మానం. ఆ గదే ఎందుకంటే, మా అల్లుడి తండ్రి ఒకప్పుడు ఆ వాడలోనే సాంచాలు నడిపాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు, మా సిరిసిల్లలో అట్లాగే అంటాం. "నేను ఎక్కడికెల్లి వచ్చిన్నో పిల్లలకు ఎరుక కావాలె అత్తమ్మా," అన్నాడు అల్లుడు. ఆ మాట నాకు నచ్చింది.

శాంపిలు ముక్కల్లోంచి హాసిని తెల్లటి సన్నని గుడ్డ తీసింది. బంగారు చుక్కలున్నాయి. ఇవతల పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు.

"మస్తుంది," అన్నాను. పైసా ఖర్చు లేని గుడ్డ నాకెందుకు నచ్చదు?

పాండేసర, ఆదివారం

పాండేసర రాకముందే వాసన వచ్చింది. బట్టలకు రంగులద్దే మిల్లులు అక్కడ. మోరీలో నీళ్లు ఒక దగ్గర ఎర్రగా, నాలుగు అడుగులు పోతే నీలంగా పారుతున్నాయి. సైకిళ్ల మీద, కాలినడకన మనుషులు పనికి పోయేవాళ్లు పోతుంటే వచ్చేవాళ్లు వస్తున్నారు.

గది పొడుగ్గా సొరంగంలా ఉంది. కిటికీ లేదు. తలుపు పైన జానెడు జాలీ, దానికీ అట్టముక్క అడ్డం పెట్టారు. గోడలు పొయ్యి పొగకు, నూనె చేతులకు నల్లబడ్డాయి. తలుపుకు మందపాటి గోనెపట్టా వేలాడుతోంది. పట్టపగలు లోపలికి పోతే అమావాస్యలా ఉంది. ఆ గదిలో మనుషులు రెండు జట్లు. పన్నెండు గంటల పాళీ, ఒక జట్టు పగలు సాంచాల మీదకు పోతే ఇంకో జట్టు రాత్రి పోతుంది. వీళ్లు లేచిన చాపల మీదే వాళ్లు పడుకుంటారు.

గదికి పెద్ద రాజేశం. కోరుట్ల దిక్కు మనిషి. నా మాట వినగానే ముఖం విప్పారింది.

"ఏ ఊరు పెద్దమ్మా మనది?"

"సిరిసిల్ల బిడ్డా."

"అగో, మనోళ్లే! ఓ మల్లేశం, జర చాయ్ తే. సిరిసిల్ల పెద్దమ్మ వచ్చింది. మంచిగ లేకపోతె పడేస్తది!"

మల్లేశం ఆ పొద్దునే రాత్రి పాళీ దిగి వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చాయ్ తెచ్చి, మా చేతిలో పెట్టి, బయట మెట్ల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీశాడు. రిషి పోయి లేపాడు, "అంకుల్, గోడ మీది సూర్యుడికి కళ్లు పెట్టాల్నా, ఒద్దా?" అని. మల్లేశం ఉలిక్కిపడి లేచి నవ్వాడు. "పెట్టు సేఠ్, పెట్టు. మీసాలు గూడ పెట్టు," అన్నాడు.

గోడలకు రెండు పూతలు తెల్లరంగు పడింది. తలుపు ఎదురుగా ఉన్న గోడ మీద హాసిని, రిషి నిలువెత్తు పసుపుపచ్చ సూర్యుణ్ని వేశారు, మీసాలతో సహా. లావణ్య జాలీకి ఉన్న అట్ట పీకించింది, గాలీ వెలుతురూ రావాలని. బంగారు చుక్కల పరదా కట్టారు. గది గదంతా పెళ్లిపందిరిలా తెల్లగా వెలిగిపోయింది. గోనెపట్టా అవతల పారేయబోతే నేను పట్టుకున్నాను. గట్టి గోనె. ఉతికితే నాలుగేళ్లు వస్తుంది. బిడ్డ ఇంట్లో కాళ్లు తుడుచుకునే పట్టా చిరిగిపోయి ఉండటం నా కళ్లబడింది. మడతపెట్టి సంచిలో వేసుకున్నాను.

"ఎట్లుంది అన్నలారా?" అని లావణ్య అడిగింది.

"మస్తుంది వదినమ్మా, మస్తుంది," అన్నారు అందరూ. ఫోటోలు దిగారు. రాజేశం పిల్లల తలలు నిమిరాడు. వచ్చే దారిలో బడి మాట ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు. పిల్లల చేతుల నిండా రంగు, ముఖాల నిండా వెలుగు. ఇదీ ఒక చదువేనేమో అని మొదటిసారి అనిపించింది.

మూడో నాడు లావణ్య మళ్లీ పిల్లలను తీసుకుని పోయింది, రంగు సరిగ్గా ఆరిందో లేదో చూడటానికి. మధ్యాహ్నం పోయింది. లోపల పడుకున్నవాళ్లంతా లేచి, కూర్చుని, నవ్వుతూ మాట్లాడారని సంతోషంగా చెప్పింది.

ఖటోదరా, ఆసుపత్రి మెట్లు

ఆ వారంలోనే ఒక పొద్దున అల్లుడికి రాజేశం ఫోన్ వచ్చింది. మల్లేశం కుడిచేయి సాంచా పక్కన తిరిగే పళ్లచక్రాల్లో పడిందట. ఖటోదరాలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నాడన్నాడు. లావణ్య పిల్లల పాఠం మధ్యలో ఉంది. నేను లేచి అల్లుడి బండి వెనక కూర్చున్నాను.

లోపల మల్లేశం మత్తులో ఉన్నాడు. చేతికి తలగడంత కట్టు. రెండు వేళ్లు ఉండవని డాక్టరు అల్లుడికి చెప్పాడు. నేను మెట్ల మీద రాజేశం పక్కన కూలబడ్డాను.

"ఎట్లయింది బిడ్డా?"

"ఏమున్నది పెద్దమ్మా. కునుకు పట్టింది. గంతే."

"రాత్రి పాళీ కొత్తనా వానికి?"

"ఎక్కడి కొత్త. పదేండ్లాయె."

"మరి పదేండ్లల్ల పట్టని కునుకు ఇప్పుడెట్ల పట్టిందిరా?"

రాజేశం కాలితో మెట్టు మీద దుమ్ము గీస్తూ కూర్చున్నాడు. నేను వదల్లేదు. మా ఆయన కూడా సిరిసిల్లలో ఏళ్ల తరబడి రాత్రిపూట సాంచాలు నడిపిన మనిషే. పగలు ఆయన పడుకునే అర్ర కిటికీకి నేనే నల్ల గొంగడి కట్టేదాన్ని. పిల్లలు గట్టిగా నవ్వితే వీపు మీద ఒకటి ఇచ్చేదాన్ని. అంతా తెలిసినదాన్ని, ఆ గోనెపట్టాను చూసి నాకు గుర్తొచ్చింది కాళ్లు తుడుచుకునే గుడ్డ.

"నిద్రపోతలేడా?" అన్నాను.

"ఎట్ల పోతడు పెద్దమ్మా? పొద్దుగాల వచ్చి పండుకుంటే ఎండంత ముఖం మీదనే ఉంటది. గోడలు తెల్లగ కొడ్తున్నయి. ఇంతకుముందు పట్టా వేస్తే రాత్రే. అందరికి గట్లనే ఉంది. వానికి జర ఎక్కువ."

"మరి పరదా తీసి పారెయ్యాలె గద!"

"ఎట్ల తీస్తం? శ్రీనన్న పిల్లలు కట్టింది. మొన్న వదినమ్మ వచ్చి చూసిపాయె. మళ్ల ఎప్పుడొస్తదో. తీసేసినమంటె మంచిగుంటదా? పిల్లలు మస్తు సంబురపడ్డరు."

అల్లుడు అప్పుడే బయటకు వచ్చాడు. ఈ మాటలు విన్నాడు. నేను అతన్ని కూర్చోమనలేదు.

"మీ నాయన గీ వాడలనే కద పండుకున్నది?" అన్నాను.

"నాకు యాదికి రాలె అత్తమ్మా," అన్నాడు. "నేను రాత్రి పండుకునేటోన్ని. నాయన పగలు ఎట్ల పండుకున్నడో నాకేమెరుక."

ఆసుపత్రి ఖర్చంతా తనే కడతానని, చేయి మానాక మార్కెట్లో కూర్చుని చేసే పని చూస్తానని రాజేశంతో చెప్పాడు. మంచి మాటే. రాజేశం చేతులు జోడించాడు. ఆ చేతులు జోడించడం చూడలేక నేను రోడ్డు వైపు తిరిగాను.

అడాజన్, తలుపు వేసిన అర్ర

లావణ్య అంతా విని మంచం మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. నా బిడ్డ చెడ్డది కాదు. కానీ ఏడుపు అయ్యాక తలుపు గడియ పెట్టి, "అమ్మా, పిల్లలకు చెప్పొద్దు," అంది.

"ఎందుకు చెప్పొద్దు?"

"చిన్న పిల్లలు. హాసిని సంగతి నీకెరుకలేదు. మీ రంగు వల్ల మనిషి చెయ్యి పోయిందంటె అది మళ్ల ముడుచుకుపోతది. మళ్ల కడుపునొప్పి. రెండేండ్లు పట్టింది దాన్ని మనిషిని చేసుటానికి."

"తెల్లరంగు అది ఏరలె. మనం ఏరినం. పట్టా నేను ఎత్తుకొచ్చిన. మనమూ తప్పు జేసినమని చెప్తె చాలు. ఆ గదికి పోయి, ఏం కావాల్నో వాళ్లనే అడుగుమని చెప్పు. అదే గదనే నువ్వు నేర్పుతా అన్నది?"

"టైమొచ్చినప్పుడు చెప్త."

"బడిల పిల్ల తప్పు జేస్తె సారు ఎర్రగీత కొడ్తడు. నీ బడిల గీత కొట్టేటోడే లేడు. అందరు మస్తుంది, మస్తుంది అనేటోళ్లే."

"బడి, బడి, బడి! నువ్వు చదువుకోలేదని నా పిల్లల మీద పడి ఏడుస్తవేందమ్మా?" అంది లావణ్య.

ఆ మాట వచ్చేసింది. అన్నాక తనకే భయమేసి నా చేయి పట్టుకోబోయింది. నేను ఇవ్వలేదు. వంటింట్లోకి పోయి కాళ్లపట్టాగా వేసిన గోనెను తీసి సబ్బు పెట్టి ఉతికాను. రెండుసార్లు ఉతికాను.

పాండేసర, రెండోసారి

లావణ్యకు చెప్పకుండా పిల్లలను తీసుకుని పోయాను. ఆమె దుకాణానికి పోయిన పూట చూసి ఆటో ఎక్కించాను. షేర్ ఆటోలో మనిషికి ఇరవై. చిన్నపిల్లవాడికి కూడా ఇరవయ్యే తీసుకున్నాడు దొంగముండాకొడుకు. దారిలోనే చెప్పేశాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. "మీరు వేసిన తెల్లరంగుకు, కట్టిన పరదాకు ఆ గదిల పగలు ఎవ్వరికి నిద్ర పడ్తలేదు. మల్లేశంకు నిద్ర లేక చెయ్యి సాంచాల పడ్డది. మీది తప్పు కాదు, మన అందరిది తప్పు. పోయి ఆయనను అడగాలె, ఇప్పుడు ఏం జేద్దామని," అన్నాను.

రిషి ఏడుపు ముఖం పెట్టాడు. హాసిని కడుపు మీద చేయి పెట్టుకుంది. అది చూశాను గానీ ఆటో ఆపలేదు.

మేము వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. తలుపుకు బంగారు చుక్కల పరదా లేదు. కప్పుకునే దుప్పటి వేలాడుతోంది. జాలీకి మళ్లీ అట్ట పెట్టారు. లోపల ఆ మూల నుంచి ఈ మూలకు తాడు కట్టి లుంగీలు, అంగీలు ఆరేశారు. సూర్యుడు వాటి వెనక ఉన్నాడు. మల్లేశం ఆసుపత్రి నుంచి వచ్చేశాడు, కట్టు చేతిని పొట్ట మీద పెట్టుకుని చాప మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి గాభరాగా లేవబోయాడు. రాజేశం చేతికందిన లుంగీలు లాగి పక్కకు తోశాడు. సూర్యుడి సగం ముఖం, ఒక మీసం బయటపడ్డాయి.

హాసిని తిన్నగా మల్లేశం దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుంది. "అంకుల్, మా రంగు వల్లనే మీకు నిద్ర రాలేదా? అమ్మమ్మ చెప్పింది," అని అడిగింది. నా మనుమరాలు అడిగింది. ఆ క్షణంలో నాకు దాన్ని ఎత్తుకోవాలనిపించింది.

మల్లేశం నా వైపు చూశాడు. రాజేశం వైపు చూశాడు. తర్వాత ఎడమచేయి పిల్ల తల మీద పెట్టాడు.

"ఎవరన్నరు బిడ్డా? అట్లేం లేదు. పగలు పండుకోకుంట ఫోన్ల సినిమా చూసిన. అందుకే కునుకు పట్టింది. మీ రంగు చూస్తె పండుగ లెక్కుంది. నేను మా పిల్లలకు ఫోటో గూడ పంపిన."

"మరి మా పరదా?" అన్నాడు రిషి.

"దుమ్ము పడ్తదని పెట్టెల దాచినం సేఠ్," అన్నాడు రాజేశం. ఇనుప పెట్టె తెరిచి చూపించాడు కూడా. పరదా మడతలు చెదరకుండా ఉంది, మధ్యలో కాగితం పెట్టి మరీ మడిచారు. "ఇక్కడ మిల్లుల దుమ్ము గద. పండుగకు తీసి కడ్తం."

రిషి ముఖం వికసించింది. హాసిని నెమ్మదిగా లేచి నిలబడింది.

నేను మల్లేశంతో, "బిడ్డా, నిజం చెప్పు. పిల్లలకు నిజం వింటె ఏం కాదు," అన్నాను.

"నిజమే చెప్పిన పెద్దమ్మా," అన్నాడు. కట్టు మీదికి చూస్తూ అన్నాడు. వేళ్లు పోయిన మనిషితో వాదం పెట్టుకోవడం ఎట్లా? ఆ చేయి మానాక అతనికి మా అల్లుడే పని చూపించాలి. పైగా అతనికీ ఊళ్లో పిల్లలున్నారు. ఎదురుగా పన్నెండేళ్ల పిల్ల మోకాళ్ల మీద కూర్చుని అడిగితే, ఎవరు మాత్రం అవునంటారు? నేనైతే అనేదాన్ని. నాలాంటి దాన్ని ఎవరూ మంచిదనరు.

ఉతికిన గోనెపట్టా రాజేశం చేతిలో పెట్టాను. పిల్లల ఎదుట అతను దాన్ని తలుపుకు కట్టలేదు. మడత విప్పకుండా చంకలో పెట్టుకుని, "ఇంత దూరం దీనికోసం వచ్చినవా పెద్దమ్మా," అని నవ్వాడు. చాయ్ తాగనిదే పోనివ్వలేదు.

తిరిగి వచ్చే ఆటోలో హాసిని నా పక్కన కూర్చోలేదు. రిషిని మధ్యలో కూర్చోబెట్టింది. ముఖం బయటకు తిప్పుకుని అంది, "అమ్మమ్మా, నువ్వు ఝూఠ్ చెప్పినవ్. మేం సేవకు పోవుడు నీకు పసంద్ లేదు. బడిల వెయ్యాలని చెప్పినవ్."

నేను మూటలో ఉన్న పల్లీలు తీసి ఇచ్చాను. తీసుకోలేదు.

ఇంటికి పోగానే తల్లికి అంతా చెప్పేసింది, పరదా దుమ్ము పడకుండా దాచుకున్నారని, పండుగకు కడతారని. లావణ్య నా వైపు చూసింది. ఆమెకు నిజం తెలుసు. నాకూ తెలుసు. ఆమె పిల్లను దగ్గరికి తీసుకుని, "చూసినవా, ఎంత మంచోళ్లో," అంది.

ఆ తర్వాత నేను బడి మాట ఎత్తలేదు. అబద్ధాలకోరు అమ్మమ్మ చెప్తే బడికి ఎవరు పోతారు?

అడాజన్, లిఫ్టు దగ్గర

నా రైలు ఆదివారం. అల్లుడు నన్ను స్టేషన్‌కు దింపాలి, లావణ్య పిల్లలను తీసుకుని పాండేసర పోవాలి. ఈసారి పక్క గదట. అదే తెల్లరంగు, ఇంకో పరదా. వద్దన్నాను. "లైట్ కలర్ అయితెనే శుభ్రంగ ఉంటదమ్మా. ఈసారి పరదా మందంది తీసుకున్నం," అంది. మందంగానే ఉంది, నిజం. తెలుపే.

నా సంచి, రంగు డబ్బాలు పక్కపక్కన పెట్టి అందరం లిఫ్టు కోసం నిలబడ్డాం. రిషి నా కాళ్లకు దండం పెట్టాడు. హాసిని పెట్టలేదు. చేతిలో డబ్బా బరువుగా ఉంది దానికి. లిఫ్టు పైకి వస్తుంటే ఉన్నట్టుండి తల్లిని అడిగింది.

"మమ్మీ, పక్క గదిల గూడ రాత్రి పాళీ వాళ్లు ఉంటరా?"

"ఉంటరు బిడ్డా. అడిగినం. సరే అన్నరు."

"ఎవరిని అడిగినవ్?"

"రాజేశం అంకుల్‌ను."

"ఆయన ఆ గదిల ఉండడు కదా. పండుకునేటోళ్లను అడిగినవా?"

లావణ్య నా వైపు చూడలేదు. చేతి గడియారం చూసుకుంది.

"లేట్ అయితుంది, నడువు," అంది.

లిఫ్టు వచ్చి ఆగింది, ముందు రంగు డబ్బాలతో వాళ్లు దిగాలి, తర్వాత నేనూ అల్లుడూ. రిషి ముందుగా దూకి లోపలికి పోయాడు. హాసిని డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఒకసారి నా ముఖంలోకి చూసింది, ఏదో అడగబోతున్నట్టు. లావణ్య దాని భుజం మీద చేయి వేసింది. పిల్ల లోపలికి పోయింది. డబ్బా మాత్రం కింద పెట్టలేదు. తలుపు మూసుకుంది.